మా మొదటి సెలవు



మా వివాహమై ఇరవై రెండు సంవత్సరములు అయినది. ఈ ఇరవై రెండేళ్ళలో మేమిద్దరము కలిసి చాలా ప్రయాణాలు చేశాము. మహాసభలకు వెళ్ళాము, ఉజ్జీవ కూటములకు వెళ్ళాము, పెండ్లిండ్లకు, భూస్థాపనలకు వెళ్ళాము. కాని పనేమీ లేకుండా, కేవలము సెలవు అనుకొని, ఒక్క రోజు కూడా ఊరు విడిచి వెళ్ళలేదు. ఈ మాట గొప్పకు వ్రాయడము లేదు. ఒకప్పుడు గొప్పగానే చెప్పుకొనేవారము. అది గొప్ప కాదని ఈ సంవత్సరము తెలిసింది.

మా ఆవిడకు ఒక్కడే తమ్ముడు. తొమ్మిదేళ్ళ క్రితము ఉద్యోగము మీద కెనడా వెళ్ళి, టొరంటో నగరము ప్రక్కన కాపురముంటున్నాడు. పిల్లలు పుట్టారు. వాళ్ళ ముఖాలు మాకు ఫోనులోనే తెలుసు. మొన్న క్రిస్మసు మరునాడు ఫోను చేసి, “బావా, ఈసారి ఏమీ చెప్పకండి. మీరూ అక్కా రావాలి. టిక్కెట్లు నేను చూసుకుంటాను” అన్నాడు. మా ఆవిడ మాట్లాడలేదు. మా ముఖము వైపు చూసింది. మేము వెంటనే, “సంఘమును విడిచి ఎలాగ వస్తాము, బాబూ?” అన్నాము. ఆమె లేచి వంటగదిలోకి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మా నోటనుండి వచ్చిన మాట భక్తిగల మాటే. అయితే ఆ మాట చెప్పినప్పుడు లోపల ఏదో తృప్తి కలిగింది. మేము లేకపోతే సంఘము నడవదు అన్న తృప్తి అది. ఏలీయా బదరీచెట్టు క్రింద పడి, ఆ తరువాత నేను ఒక్కడనే మిగిలాను అని దేవునితో వాదించిన సంగతి మనకందరికీ తెలుసు (1 రాజులు 19). దేవుడు అతనిని మొదట గద్దించలేదు. దూత చేత రొట్టె పెట్టించి, నీళ్ళు ఇప్పించి, నిద్రపోనిచ్చాడు. నీవు గాక ఇంకా ఏడు వేలమంది నాకున్నారని తరువాత చెప్పాడు. ఈ భాగము మీద మేము ఎన్నిసార్లు ప్రసంగించామో లెక్క లేదు. అది మాకోసము వ్రాయబడిందని ఆ రాత్రి వరకు అనుకోలేదు.

సంఘ పెద్దల కూటములో సంగతి చెప్పాము. కొందరు సంతోషించారు. ఒకరు మాత్రము, “ఉద్దానములో ఇంటికొక రోగి ఉండగా అయ్యగారికి విహారమా?” అన్నారు. ఆ మాట గుచ్చుకొన్నది. మా ప్రాంతములో కిడ్నీ జబ్బు ఎందరిని తీసుకుపోయిందో ఈ పత్రిక పాఠకులకు క్రొత్తగా చెప్పనక్కర లేదు. కారణము ఇదీ అని శాస్త్రజ్ఞులు నేటికీ తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రము, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. అప్పటినుండి డయాలసిస్ కొరకు దూరము వెళ్ళే బాధ కొంత తగ్గింది. మా సంఘస్థులలో కొందరిని ఆ మంచాల ప్రక్కనే మేము కలుసుకుంటూ ఉంటాము. వారిని విడిచి నయాగరా చూడబోవడమా?

మరునాడు వారిలో ఒక సహోదరుని చూడడానికి వెళ్ళాము. సంగతి అప్పటికే ఆయన చెవిన పడింది. మిషను నడుస్తూ ఉండగా ఆయన ఇలాగన్నారు: “అయ్యగారూ, నాకు వారానికి మూడుసార్లు ఈ మంచం పిలుపు. పండగ లేదు, పబ్బం లేదు. మా పెద్దమ్మాయి పెళ్ళినాడు కూడా పొద్దుట ఇక్కడ పడుకొని, సాయంత్రం పందిట్లోకి వెళ్ళాను. సెలవు లేకపోవడం అంటే ఏటో నాకు తెలుసు. మీకు సెలవు దొరికి, మా పేరు చెప్పి మానేస్తే నాకు కోపమొస్తాది.”

ఏమి జవాబు చెప్పాలో తోచలేదు. ప్రార్థన చేసి వచ్చేశాము. మా తాతల కాలములో మిషనరీ దొరలు కొన్నేళ్ళకొకసారి ఫర్లో అని స్వదేశము వెళ్ళేవారు, ఎండాకాలములో కొండలకు వెళ్ళేవారు. అది తప్పని సంఘమెన్నడూ అనలేదు. దేశీయ పాదిరికి మాత్రము అటువంటిది ఒకటి ఉండాలని సంఘమూ అనుకోలేదు, పాదిరీ అడగలేదు. అడగకపోవడము వినయమని అనుకొన్నాము. పాదిరి భార్యను మాత్రము ఎవరూ ఏమీ అడగలేదు.

వెళ్ళడానికి నిశ్చయించాము. ఎప్పుడు వెళ్ళాలన్నది తరువాతి ప్రశ్న. అక్కడ అక్టోబరు చాలా బాగుంటుందట. మేపుల్ చెట్ల ఆకులు ఎఱ్ఱబడతాయి, ఆ నెల రెండవ సోమవారము ఆ దేశపు కృతజ్ఞతా పండుగ. పాదిరికి అంతకంటె ఏమి కావాలి? అయితే అక్టోబరు మాకు తుపాను నెల. 2013 అక్టోబరులో ఫైలిన్, 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ మన పలాస తీరాన్నే తాకి, కొబ్బరి తోటలు, జీడి తోటలు నేలకూల్చింది. ఆ నెలలో ఊరు విడిచి ఉండలేము. డిసెంబరులో క్రిస్మసు, ఆ తరువాత అక్కడ గడ్డకట్టే చలి. వేసవిలో శ్రమకాల కూటములు, ఈస్టరు, మే నెలలో పిల్లల వి.బి.యస్. అన్నీ కొట్టివేయగా జూన్ మూడవ వారము మిగిలింది. ఆ రోజులలో టొరంటోలో రాత్రి తొమ్మిది వరకు సూర్యుడు అస్తమించడట.

ఒక్క ఆదివారము మాత్రమే లేకుండా చూసుకోవాలన్నది మా నియమము. సోమవారము బయలుదేరి, మరుసటి వారము శనివారానికి ఇంటికి చేరాలి. అంటే పదమూడు రోజులు. గోపురము కట్టదలచినవాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూసుకుంటాడని ప్రభువు చెప్పిన ఉపమానము (లూకా 14:28) జ్ఞాపకము చేసుకొని, కాగితము తీసుకొని కూర్చున్నాము. సోమవారము సాయంత్రము పలాసలో రైలెక్కి విశాఖపట్నము. మంగళవారము అక్కడనుండి ఢిల్లీ. ఆ అర్ధరాత్రి దాటాక టొరంటో విమానము. వాళ్ళ గడియారము జూన్ నెలలో మనకంటె తొమ్మిదిన్నర గంటలు వెనుక, కాబట్టి బుధవారమే దిగుతాము. తిరుగు ప్రయాణము గురువారము రాత్రి. దిగిన రోజు నిద్రకు, ఎక్కే రోజు మూటలకు పోగా, చేతిలో మిగిలినవి ఏడు రోజులు. పదమూడు అనుకొన్నవి ఏడుకు వచ్చాయి.

ఆ తరువాత మా అబ్బాయి బడి అట్లాసు తెరిచాము. చిక్కు అక్కడ వచ్చింది.

కెనడా విస్తీర్ణము దాదాపు 99 లక్షల 85 వేల చదరపు కిలోమీటర్లు. ప్రపంచములో రెండవ పెద్ద దేశము. మన భారతదేశానికి మూడు రెట్లు, మన ఆంధ్రప్రదేశ్‌కు అరవై రెట్లు. జనము చూస్తే సుమారు నాలుగు కోట్లు, మన రాష్ట్ర జనాభా కంటె తక్కువ. ఇవన్నీ చదివాము. చదివినా అర్థము కాలేదు. అట్లాసులో ఆ దేశమంతా రెండు పుటలలో ఉన్నది. ఒక ఊరికీ మరొక ఊరికీ మధ్య మా బొటనవ్రేలు పట్టేంత చోటు. మందస నుండి టెక్కలి వెళ్ళినంతలో వెళ్ళి రావచ్చుననిపించింది.

ఆ పటములో రెండు ఊళ్ళు మమ్మును లాగాయి. ఒకటి తూర్పు కొసన సముద్రము మీద ఉన్న హాలిఫాక్సు, నోవా స్కోషియా రాష్ట్ర రాజధాని. ఆ రాష్ట్రములోనే కాన్సో అనే చిన్న రేవు ఊరున్నది. 1870లో హన్నా మరియా నోరిస్ అనే ఉపాధ్యాయురాలు అక్కడ స్త్రీల మిషనరీ సహాయ సమాజమును ప్రారంభించింది. తనను మిషనరీగా పంపడానికి డబ్బు లేదని పెద్దలు అంటే, ఆమె ఆ ప్రాంతములో సంఘము వెంట సంఘము తిరిగి స్త్రీలను కూడగట్టింది. 1873లో హాలిఫాక్సు రేవు నుండి కొందరు యౌవన మిషనరీలు ఓడ ఎక్కారు. వారు మొదట పని చేయాలనుకొన్నది సయాము దేశములో. అక్కడ తగిన ద్వారము తెరవబడక, 1875లో మన తెలుగు దేశానికి మళ్ళారు. బొబ్బిలి, భీమునిపట్నము, శ్రీకాకుళము, ఆ తరువాత పర్లాకిమిడి, టెక్కలి, సోంపేట. మన జిల్లాలో నేడు మ్రోగుతున్న ఎన్నో గంటలకు మూలము ఆ రేవులో ఉన్నది.

రెండవ ఊరు పడమటి వైపు ఉన్న కాల్గరీ. మన సోంపేట ఆరోగ్యవరము ఆసుపత్రిలో కంటి రోగులకు సేవ చేసిన డాక్టర్ బెన్ గల్లిసన్ గారు 1963లో ఆ ఊరు వెళ్ళి, అక్కడి వ్యాపారి ఆర్ట్ జెంకిన్స్ గారిని సహాయము అడిగారు. ఆయన తన స్నేహితులతో కలిసి మొదలుపెట్టిన పనే ఆపరేషన్ ఐసైట్ సంస్థ అయినది. అది నేటికీ మన దేశములో చూపు లేనివారి కొరకు పని చేస్తున్నది. దాని మొదటి రోగులు మా ప్రక్క ఊరి ఆసుపత్రి మెట్లెక్కినవారు. మా సంఘములో ఎనభై దాటిన ఒక మామ్మగారున్నారు. ఆమె తల్లికి చూపు వచ్చింది సోంపేటలోనే. మేము కెనడా వెళ్తున్నామని విని ఆమె, “అయ్యగారూ, మా అమ్మ కళ్ళకి డబ్బులంపిన ఊరు సూసి రండి బాబూ. మా నమస్కారం సెప్పండి” అన్నారు. తప్పక చెప్తామని మాట ఇచ్చేశాము.

ఇక ప్రణాళిక వ్రాశాము. గురువారము నయాగరా. శుక్రవారము హాలిఫాక్సు. శనివారము వుల్ఫ్‌విల్, అక్కడ మిషనరీలు చదివిన అకేడియా కళాశాల. ఆదివారము ఆరాధన, ప్రసంగము. సోమవారము కాల్గరీ. మంగళవారము బాన్ఫ్ కొండలు. బుధవారము తిరిగి టొరంటో. అబ్రాహామును దేశపు పొడవు వెడల్పున తిరిగి చూడమన్నాడు కదా దేవుడు అని సంతోషపడి, ఆ కాగితము ఫోటో తీసి బావమరిదికి పంపాము.

అతడు ఆ రాత్రే ఫోను చేశాడు. “బావా, ఇది మన జిల్లా కాదు. హాలిఫాక్సు నుండి కాల్గరీకి రోడ్డున నాలుగున్నర వేల కిలోమీటర్లు దాటుతుంది. కాశ్మీరు నుండి కన్యాకుమారికి వెళ్ళి, ఇంకా మిగులుతుంది. టొరంటో నుండి హాలిఫాక్సుకు విమానములో రెండు గంటలు, కాల్గరీకి నాలుగు గంటలు. దేశములోనే గడియారాలు ఆరు రకాలు. విమానము రెండు గంటలైతే, ఇంటినుండి ఇంటికి అర రోజు పోతుంది” అన్నాడు. “పోనీ రైలు?” అని అడిగాము. మా కోస్తా రైలుమార్గము ప్రక్కన పుట్టినవారికి రైలే ధైర్యము. టొరంటో నుండి వాంకూవరు రైలు 4,466 కిలోమీటర్లు, నాలుగు రాత్రులు. అది కాల్గరీ మీదుగా వెళ్ళదు. ఆ ఊరికి 1990 నుండి దూరప్రయాణపు రైలే లేదు.

ఫోను పెట్టాక మా ఆవిడ ఆ కాగితము తీసుకొని చదివింది. వ్రేలితో లెక్క పెట్టింది. “ఏడు రోజులలో మా తమ్ముడి ఇంట్లో రాత్రి అన్నము తినేది రెండుసార్లు. మిగతా రోజులు విమానాలలోను, కూటములలోను. ఇది సెలవా, సువార్త దండయాత్రా?” అన్నది. కోపముగా అనలేదు. అదే కష్టమనిపించింది. “తొమ్మిదేళ్ళయింది వాణ్ణి చూసి. వాళ్ళ పాపకు తల దువ్వాలని ఉన్నది నాకు” అన్నది.

ఇరవై రెండేళ్ళుగా చేస్తున్నదే మళ్ళీ చేశామని అప్పుడు అర్థమైనది. సెలవు కూడా సేవగా మార్చి, ఆమెను వెంట సంచిలాగ తీసుకుపోదామనుకొన్నాము. తిరిగి వచ్చి, ఇన్ని ఊళ్ళు చూశాము, ఇన్ని చోట్ల మాట్లాడాము అని మీకే ఈ పత్రికలో వ్రాసి ఉండేవాళ్ళము. శిష్యులు వచ్చి తాము చేసిన పనులన్నీ ఏకరువు పెట్టినప్పుడు, ప్రభువు వారిని మరొక పనికి పంపలేదు. ఏకాంతముగా వచ్చి కొంత అలసట తీర్చుకోమని పిలిచాడు (మార్కు 6:31). ఆ అరణ్యములో చూడవలసిన స్థలాల జాబితా లేదు.

రెండవ కాగితము ఆమె వ్రాసింది. గురువారము ఇల్లు. శుక్రవారము నయాగరా. అది 130 కిలోమీటర్లే కాబట్టి సాయంత్రానికి ఇంటికి వచ్చేయవచ్చు. శనివారము ఉదయము విమానములో హాలిఫాక్సు, ఆ రేవు గట్టు. ఆదివారము అక్కడ ఆరాధన, వెనుక బల్లలో కూర్చుంటాము. ప్రసంగము ఒప్పుకోలేదు, అడిగినవారికి క్షమాపణ చెప్పి వ్రాశాము. సోమవారము వంద కిలోమీటర్ల లోపున ఉన్న వుల్ఫ్‌విల్ చూసి, రాత్రికి టొరంటో. మంగళవారము, బుధవారము అన్న మాటల ఎదుట ఆమె ‘ఖాళీ’ అని వ్రాసింది. ఆ రెండు రోజులకే బావమరిది సెలవు పెడుతున్నాడు. వాళ్ళకు ఏడాదికి రెండు మూడు వారాల సెలవే దొరుకుతుందట. అతడు మాకోసము ఖర్చు పెడుతున్నది టిక్కెట్టు డబ్బు ఒక్కటే కాదని అప్పుడు తెలిసింది.

కాల్గరీ కొట్టివేయబడింది. బాన్ఫ్ కొండలూ పోయాయి. కొండల సంగతికి బాధ లేదు, మనకు మహేంద్రగిరి ఉన్నది. మామ్మగారికి ఇచ్చిన మాట సంగతి బాధించింది. మొగమాటపడుతూ వాళ్ళ ఇంటికి వెళ్ళి, “మామ్మా, ఆ ఊరికి ఈసారి వెళ్ళలేము. చాలా దూరము” అని చెప్పాము.

“సోంపేట కంటే దూరమా బాబూ?” అని ఆమె అడిగారు. నవ్వు ఆపుకొని, అవునన్నాము. ఆమె నవ్వలేదు. “మా అమ్మ సూపు లేకుండా మా నాన్న సెయ్యి పట్టుకొని సోంపేట నడిసింది. మాకు అదే దూరం. ఎల్లలేకపోతే ఉత్తరం రాయండి. నేను సెప్తాను, మీరు రాయండి” అన్నారు. అక్కడే కూర్చొని వ్రాశాము. అర పుట కూడా కాలేదు. క్రింద ఆమె వ్రేలిముద్ర వేశారు. బావమరిది దానికి ఇంగ్లీషు అనువాదము జతచేసి కాల్గరీకి పోస్టు చేస్తానన్నాడు. మేము వెళ్ళి చేయగలిగినదానికంటె ఆ ఉత్తరమే బాగా చేస్తుందని ఇప్పుడు నమ్ముచున్నాము.

బిడ్డలు విదేశములలో ఉన్న కుటుంబాలు మన సంఘాలలో అనేకమున్నాయి గనుక నాలుగు మాటలు. వీసా రాకముందు టిక్కెట్టు కొనకండి. కెనడా సందర్శక వీసాకు మనిషికి 100 డాలర్లు, వ్రేలిముద్రలకు 85 డాలర్లు, మన లెక్కలో పదకొండు, పన్నెండు వేల రూపాయలు. వ్రేలిముద్రలకు మేము హైదరాబాదు వెళ్ళాము. అవి పదేళ్ళు చెల్లుతాయి. పిలిచినవారి ఆహ్వాన పత్రము, వారి జీతపు కాగితాలు, మనము తిరిగి వస్తామని చూపే పొలము, ఉద్యోగము, బ్యాంకు కాగితాలు జతపరచాలి. ఉన్నది ఉన్నట్టు వ్రాయాలి. ప్రయాణ ఆరోగ్య భీమా తీసుకోవాలి, అక్కడ ఆసుపత్రి ఖర్చు మనము భరించలేము. తినుబండారాలు ఏవి పట్టుకువెళ్ళినా దిగగానే అధికారులకు చెప్పి చూపించాలి. బావమరిది మందస కోవా అడిగాడు. అన్ని గంటల ప్రయాణములో కోవా నిలవదు. పలాస జీడిపప్పు మూసిన ప్యాకెట్లలో తీసుకువెళ్తున్నాము.

ఇది వ్రాసేనాటికి మా వీసా ఇంకా రాలేదు. రావచ్చు, రాకపోవచ్చు. పౌలు స్పెయిన్ దేశము వెళ్ళాలని ఎంతో ఆశించి రోమీయులకు వ్రాశాడు. వెళ్ళినట్టు బైబిలులో ఎక్కడా లేదు. ప్రభువు చిత్తమైతే వెళ్తాము. కాని ఆ ప్రణాళిక వ్రాయడములోనే మాకు కలగవలసిన మేలు కొంత కలిగింది. ‘ఖాళీ’ అన్న మాట ఎదుట వేరొకటి వ్రాయకుండా చేయి ఆపుకోవడము నేర్చుకుంటున్నాము.

ప్రియులారా, సెలవుకు కెనడాయే కానక్కర లేదు. జీడి పనులు ముగిశాక ఒక రోజు బారువ సముద్రపు ఒడ్డుకు చద్దిమూట కట్టుకొని వెళ్ళండి. ఇంటి ఇల్లాలు వండకుండా ఉండేలాగున, ఆ మూట ఒక్కసారి మగవారే కట్టండి. పాదిరిగారిని, అమ్మగారిని కూడా సంవత్సరానికి ఒక వారము పంపండి, వారు వద్దన్నా పంపండి. మా సహోదరుడు డయాలసిస్ మంచము మీదనుండి మాకు చెప్పిన మాట అదే.

మాకొరకు, ఆయన కొరకు, మామ్మగారి ఉత్తరము కొరకు ప్రార్థించండి.